పాల కోసం పస్తు

మార్చి 3, సోమవారం

సిరంజి అడుగున కాస్త పాల తడి. నర్సు దాన్ని లైటు కేసి పట్టుకుని చూసి, మొదట్లో ఇంతేనమ్మా, దీన్నే బంగారంలా దాచి పాపకి పోస్తాం అంది.

బంగారమట.

పాప నెలలు నిండకుండా వచ్చేసింది. చప్పరించే బలం లేదు. ముక్కులోంచి ట్యూబు వేశారు, చేతికి సెలైను పెట్టారు. ఏడిస్తే నోరు తెరుచుకోవడం కనిపిస్తుంది కానీ గాజుపెట్టె దాటి శబ్దం రాదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేదు.

మార్చి 5, బుధవారం, ఉదయం

పాలు తీసే పంపు గదికి కిటికీ లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్రిజ్, గోడ మీద బిడ్డనెత్తుకుని నవ్వుతున్న తల్లి ఫొటో. ఆవిడది ఏనాడూ పంపు తగిలించుకున్న మొహం కాదు. గరాటు రొమ్ముకి ఆనించి స్విచ్ నొక్కితే మిషను లాగుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది. పళ్లు బిగబట్టి కూర్చోవాలి. మూడు గంటలకోసారి ఇదే పని. అంతా చేస్తే సీసా అడుగు సరిగా తడవదు.

పక్క కుర్చీలో ఒకామె కూర్చుంటుంది. ఆమె కొడుకూ ఇదే వార్డులో ఉన్నాడు. ఫోన్లో వాళ్లమ్మతో కబుర్లు చెబుతూనే రెండు సీసాలు నింపేసి మూడోది ఇమ్మంటుంది. నేను బైబిలు వాక్యం తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను. బండలోంచి నీళ్లు వచ్చిన చోటు తెరుచుకుంది. చదివాను. నాకంటే ఆ బండ నయం.

మార్చి 6, గురువారం

రాత్రి ఇంట్లో అన్నాల దగ్గర అత్తయ్య తీర్పు చెప్పింది. ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని అరిచి అరిచి ఒంట్లో తడంతా ఆరబెట్టుకున్నావు కదే, ఇంక పాలెక్కడివి అంది. నలుగుర్ని కన్నాను, ఒక్కరికీ డబ్బా పట్టలేదు అని కూడా అంది. మీ నలుగురిలో ఒకణ్ణి నేను కట్టుకున్నాను, ఆ పాల మహిమ రోజూ చూస్తూనే ఉన్నానత్తయ్యా అన్నాను. మా ఆయన ప్లేటు తీసుకుని బాల్కనీలోకి పోయాడు. బస్సు నడిపే మనిషి. ఎంత ట్రాఫిక్‌లోనైనా దూరతాడు, మా ఇద్దరి మధ్యకి మాత్రం రాడు.

మార్చి 8, శనివారం

కూటంలోని ఆడవాళ్లు ఆసుపత్రికి వచ్చారు. సైకిల్ షాపు పైన హాల్లో ప్రతి ఆదివారం నేను ప్రసంగం చేసేది వీళ్లకే. నేను బడిలో చదివింది లేదు. అక్షరాలు నేర్చుకున్నదే వాక్యంలో. అందుకే కాబోలు, నేను చెబితే వింటారు.

కూటం పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకో సిస్టర్ అంది. ఉందమ్మా, ఇప్పుడే పుట్టింది, మిమ్మల్ని ఈ మెట్ల మీంచి తోసేయాలనిపిస్తోంది అన్నాను. మిగతావాళ్లు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మా కూటానికి తెలిసిన పని ఒక్కటే. ఏది కావాలన్నా కడుపు మాడ్చుకుంటాం. ఉద్యోగానికి మాడ్చుకున్నాం, ఒకాయన తాగుడు మాన్పించడానికి మాడ్చుకున్నాం. రెండూ జరిగాయి. కాబట్టి రేపట్నుంచి మూడు రోజులు పాల కోసం ఉపవాసం. ప్రకటించింది నేనే. బల్ల గుద్ది మరీ ప్రకటించాను. నాతోపాటు ఎనిమిది మంది ఉంటామన్నారు. మంచినీళ్లు కూడా ముట్టం.

మార్చి 9, ఆదివారం

వార్డు నుంచి హాలుకి వెళ్లి ప్రసంగం చేశాను. సగం నుంచి బల్ల పట్టుకుని నిలబడ్డాను. బలం అదే వస్తుంది అనుకున్నాను.

మార్చి 10, సోమవారం

సీసా పొడి.

మార్చి 11, మంగళవారం

ఈ రోజు కూడా మిషను లాగింది, వదిలింది. గరాటు లోపల ఒక చుక్క వేలాడి, అక్కడే ఆగిపోయింది.

నర్సు వచ్చి పొద్దున ఏం తిన్నావమ్మా అంది. ఏమీ లేదన్నాను. నిన్న? ఏమీ లేదు. మొన్న? నేను సీసాకి మూత బిగించాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పాలు రావాలని పస్తున్నావా అని అడిగింది. అవునన్నాను. నీళ్లు? అవీ మానేశానన్నాను. ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, ఫైలు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయాని కేకేసి బ్రెడ్డు, గుడ్లు, చెంబెడు నీళ్లు తెమ్మంది. నువ్వు తినేదాకా నేను ఇక్కణ్ణించి లేవను, అవతల నా డ్యూటీ నాశనం కానీ అంది.

తిన్నాను. ప్రతి ముద్దా మంటగా దిగింది. అలిసిపోయిన గాడిదకి కూడా గడ్డి వేసి బరువెత్తమంటారు. నేను గడ్డీ వేయలేదు, బరువూ దించలేదు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ, అక్కా, బాలింతవి నువ్వు తిను, నీ బదులు మేముంటాం అని తోచలేదు. నాకే తోచనిది వాళ్లకెక్కడ తోస్తుంది?

మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం

పాప బరువు తగ్గింది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, కళ్లకింద నాకంటే నల్లటి చారలు. వార్డు ఫ్రిజ్‌లో వేరే తల్లులిచ్చిన పాలున్నాయట. పరీక్ష చేసి, వేడి చేసి ఉంచుతారట. డబ్బాపాలు పాప పేగులకి అప్పుడే పడకపోవచ్చు, మీరు సంతకం పెడితే ఇవి మొదలుపెడతాం అంది. నా దేవుడు ఇస్తాడు అన్నాను. ఇవ్వనీయండి, ఈలోపు పాప తాగాలి కదండీ, సాయంత్రంలోగా చెప్పండి అని వెళ్లిపోయింది.

మా ఆయన పెట్టెయ్ అన్నాడు. పెట్టను అన్నాను. ఎందుకో ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. హాలు హాలంతా, దేవుడు నాకు పాలిచ్చాడన్న సాక్ష్యం కోసం ఎదురుచూస్తోంది. ఎవరివో పాలు పోస్తే నా ప్రార్థన ఓడిపోయినట్టు. పాప బరువు ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టి తూచుతున్నాను. నా మీద నాకు వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు. అయినా పెన్ను ముట్టుకోలేదు.

మార్చి 12, సాయంత్రం

పంపు గదిలో పక్క కుర్చీ ఆమె, అక్కా, మావాడు తాగేది చెంచాడు, మిగతావి వార్డుకే ఇచ్చేస్తున్నా, మీ పాపకి పోసినా బాగుణ్ణు అంది. మాకేం అక్కర్లేదు, నీ గొప్ప నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఆమె మిషను ఆపేసింది. ఇందులో నా గొప్పేముందక్కా, సీసాలు నిండుతున్నాయంటే వాడు తాగట్లేదనే కదా అర్థం, వీటిని చూసినప్పుడల్లా నేలకేసి కొట్టాలనిపిస్తుంది అంది. గరాటు తుడుచుకుంటూ ఏడ్చింది.

నేను బయటికొచ్చి మెట్ల మీద దేవుడితో తగువు పెట్టుకున్నాను. పైకే అరిచాను. కింద ఎవరో ఎక్కడం మానేసి లిఫ్టు దగ్గరికి పోయారు. అడిగితే ఇస్తానన్నావు, మోకాళ్లు అరిగేలా అడిగాను, ఏవీ పాలు అన్నాను. అనగానే ఫ్రిజ్ కళ్లముందు కనబడింది. తెల్లగా, నిండుగా, అరల నిండా సీసాలు. నేను అడిగింది పాలు. నా పాలు అని ఆయనకి చెప్పలేదు.

ఆ సమాధానం నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. వెళ్లి సంతకం పెట్టాను. నొక్కిన నొక్కుడికి కాగితం చిరిగింది. నర్సు ఇంకోటి ఇచ్చింది.

మార్చి 13, గురువారం

పోశారు. పాప కక్కలేదు.

నేను గుడ్లు తిన్నాను. పెట్టినవన్నీ తిన్నాను. పక్క కుర్చీ ఆమెకి క్షమించు అని చెప్పడానికి నోరు రాలేదు. నా గుడ్డొకటి ఆమె ప్లేటులో వేశాను. తింది.

మార్చి 16, ఆదివారం

పాప బరువు పెరుగుతోంది. కబురు హాలుకి నాకంటే ముందే చేరింది. పెద్దాయన గుమ్మంలోనే ఆపి, ఉపవాసానికి జవాబొచ్చిందని సాక్ష్యం చెప్పు సిస్టర్ అన్నాడు. ఉన్న పాలే ఎండాయి పెద్దాయనా అన్నాను. పాప బరువు పెరిగింది కదా, అంతవరకు చెప్పు, మిగతాది ఎవరడిగారు అన్నాడు.

మైకు తీసుకున్నాను. పాలు రాలేదు అన్నాను. ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు. స్తోత్రం కాదమ్మా, విను అన్నాను. వచ్చే నాలుగు చుక్కలూ మన ఉపవాసంతో ఎండగొట్టాను. నా బిడ్డ తాగింది ఎవరివో నాకు తెలీదు. ఆ తల్లి ఏ దేవుడికి మొక్కుతుందో, అసలు మొక్కుతుందో లేదో తెలీదు. ఇకమీదట బాలింత కోసం పస్తుండాలని మీకు బుద్ధి పుడితే, ఆ మానేసిన భోజనం గిన్నెలో పెట్టి పట్టుకెళ్లి ఆమె ముందు కూర్చోండి. తినేదాకా లేవకండి అన్నాను. అక్కడికి మైకు ఆగిపోయింది. పెద్దాయన స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు. నాకు మైకెందుకు? కింద సైకిళ్లు బాగుచేసేవాడు కూడా పైకొచ్చి విన్నాడు.

పెద్దాయన భార్య లేచి వెళ్లిపోయింది. ఎప్పుడూ కూటానికి రాని అత్తయ్య వెనక కుర్చీలో ఉంది. దారిలో బస్సులో అంది, గొంతుకేం ఢోకా లేదు, కాస్త సూపు చేసిపెడతాను తాగి చావు అని.

మార్చి 18, మంగళవారం

కొన్నాళ్లు ప్రసంగాలు ఆపి విశ్రాంతి తీసుకోమని పెద్దాయన కబురు పంపాడు. మూడు గంటలకోసారి పంపుకి కట్టేసుకునేదానికి విశ్రాంతట.

మార్చి 22, శనివారం

నా సీసా సగం దాకా వస్తోంది. సగమే. మిగతా సగం ఫ్రిజ్‌లోంచే. ఇంక ఇంతేనేమో అంది నర్సు. సరే అన్నాను కానీ పళ్లు నూరాను.

పక్క కుర్చీ ఆమె సీసా ఈ రోజు నిండలేదు. కొడుకు నేరుగా రొమ్ము పట్టాడట. ఖాళీ సీసా ఊపి చూపిస్తూ గది తిరిగింది. దాన్ని చూసి ఇంత సంబరపడిన మనిషిని ఆ గదిలో ఇదే చూడటం.

మార్చి 27, గురువారం

ట్యూబు తీసేశారు. పాపని నా రొమ్ముకి ఆనించారు. రెండుసార్లు వదిలేసి మూడోసారి పట్టింది.

చాలదు. తర్వాత సీసా పట్టాలి.

నేను దేవుడితో ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. అది తాగుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.