నా రక్తంలోని కొవ్వుకు సంజాయిషీ

ఉప సంచాలకుల వారి సముఖమునకు,
పాత దస్త్రాల కార్యాలయం, నారాయణగూడ.

అయ్యా,

విషయం: తలకు తగిలిన దెబ్బకు ఛార్జి మెమో ఇచ్చి, పిదప దానిని కొవ్వుగా నమోదు చేయుట గురించి.

అశోక్‌నగర్ వాస్తవ్యుడను, తమ కార్యాలయంలో ఇరవై ఆరేండ్లుగా పనిచేయుచున్న సీనియర్ అసిస్టెంటు వీరరాఘవరావు మనవి చేసుకొనునది:

1. తాము చేరిన రోజున చిక్కడపల్లి చౌరస్తాలో సిబ్బంది కట్టిన స్వాగత ఫ్లెక్సీ ఇనుప చట్రముతో సహా నా నెత్తిన పడినది. అందులో తాము నమస్కరించుచున్నారు. తిరిగి నమస్కరించు వ్యవధి నాకు లేకపోయినది.

2. అంతకు ముందు ఏ బీరువాలో ఏ దస్త్రమున్నదో కండ్లు మూసుకొని చెప్పేవాడిని. ఇప్పుడు చేతిలోని ఫైలు ఎందుకు తీసితినో గుర్తుండుట లేదు. స్కానింగులో ఏమియు కనబడనందున "బుద్ధిపూర్వక నిర్లక్ష్యం" అని మెమో ఇచ్చినారు. బుద్ధిపూర్వకమగుటకు బుద్ధి ఉండవలె గదా? దెబ్బ తగిలినది దానికే.

3. విద్యానగర్‌లోని ఒక పరిశోధనశాలలో డాక్టర్ మహిత గారు నా రక్తము పరీక్షించినారు. మెదడులో నీరు పోగా మిగిలిన దానిలో సగానికి మించి కొవ్వేనట. దానికి దెబ్బ తగిలితే రక్తములోని కొన్ని కొవ్వుల పాళ్లు మారునట. "ఇది ఇంకా పరిశోధనలోనే ఉందండీ, దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చలేం. కానీ మీ రక్తంలో అలాంటి మార్పు కనిపిస్తోంది" అని చెప్పి, అదే మాట కాగితముపై వ్రాసి ఇచ్చినారు.

4. సదరు కాగితము చూచి సూపరింటెండెంటు విఠల్ గారు, "కొవ్వున్నదని వాళ్లే రాసిచ్చిన్రు గదా రావు సార్! నూనె తగ్గించుండ్రి, ఇందిరా పార్కుల జర నడువుండ్రి" అన్నారు. ఫైలుపై మాత్రం ఇట్లు వ్రాసినారు: "అర్జీదారునకు కొవ్వు ఎక్కువైనందుననే విధులను నిర్లక్ష్యము చేసినట్లు రుజువైనది."

4. (నాలుగవది వ్రాసితినో లేదో తెలియక మరల వేయుచున్నాను.) మొన్న శుక్రవారం ఇంటికి పోవుచు గాంధీనగర్‌లో ఎవరిదో తలుపు కొట్టి, "అన్నపూర్ణా" అని నా భార్యను పిలిచినాను. ఎవరో ఒకామె మంచినీళ్లిచ్చి, "ఎవరు కావాలె అన్నా?" అని అడిగింది. అయ్యా, నాకు భయంగా ఉంది. ఉద్యోగం పోయినా బతుకుతాను. కొవ్వెక్కి చేశాడన్న మాట మాత్రం నా సర్వీసు పుస్తకంలో ఉండకూడదు.

కావున నన్ను మెడికల్ బోర్డుకు పంపి, సెలవు మంజూరు చేసి, పై వాక్యమును కొట్టివేయించవలెనని ప్రార్థన. దెబ్బ తిన్న తలతో వ్రాసినది, తప్పులు మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వీరరాఘవరావు

తా.క.: నేను ఆయన భార్య అన్నపూర్ణనండీ. ఈ అర్జీ ఆయన రాయడం ఇది నాలుగోసారి. ముందు మూడూ ఇచ్చినట్టు ఆయనకు గుర్తు లేదు. కౌంటర్లో అడిగితే మీ ఆఫీసులో కూడా ఎవరికీ గుర్తు లేదన్నారు. ముద్ర వేసిన రసీదులు మూడూ నా దగ్గరున్నాయి. మా ఆయన నెత్తిన మీ ఫ్లెక్సీ పడింది. మీ అందరి నెత్తినా ఏం పడిందండీ?