లాగితే విచ్చుకునే ముడి

ఫిబ్రవరి 17, సోమవారం

ఖమర్ సుల్తానా ఆపా వచ్చి వెళ్లింది. హైదరాబాదీ మనిషి. పెళ్లిళ్లకి, పండగలకి గిఫ్టులు తయారు చేయించి ఇక్కడ ఖతర్ పెద్దిళ్లకి పంపుతుంది. చెక్క అడ్డం పెట్టి విడదీసిన మా పార్టిషన్ రూమ్‌లో సగం ఇప్పుడు ఆమె సరుకే. గుడ్డ సంచులు, జరీ తాళ్లు, బాదం, పల్లీ, చాక్లెట్లు. రంజాన్ పధ్నాలుగో రోజు గరంగావో. ఆ సాయంత్రం ఇక్కడి పిల్లలు పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. వాళ్లకి పంచే చిన్న సంచులు ఇవి. వెయ్యి నింపి, మూతి కట్టి ఇవ్వాలి.

తిరుమల్‌కి ఇష్టం లేదు. దినమంతా ఏసీలు బాగుచేసి వస్తా, కాళ్లు సాపుకునేతందుకు జాగ ఏదే అన్నాడు. మొగుడి మాటకి నేను పెద్దగా బెదరను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాను, రాణి వీటిని ముట్టుకోదని. ఏడేళ్లకే నా ఒళ్లో బీడీల చాట పెట్టారు. నా బిడ్డ ఒళ్లో ఏ చాటా ఉండదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కుక్కర్ ఆవిరి కొట్టింది. కుడిచేతి వేళ్లు బొబ్బలెక్కాయి. మొదటి మూడొందలు రేపటికి ఇవ్వాలి.

ఒక్క రోజే కదా అనుకుని రాణిని కూర్చోబెట్టాను. తొమ్మిదేళ్లది. బీడీ కట్టకి దారం చుట్టే పద్ధతే చూపించాను, నాకు తెలిసింది అదే. రెండు చుట్లు చుట్టి కొసని గోరుతో లోపలికి తోసేయడం. బయటికి ముడే కనపడదు. ఒక్కసారే చూపించాను.

తర్వాత పొయ్యి మీద అన్నం సంగతే మర్చిపోయాను. దాని వేళ్లు చూస్తూ ఉండిపోయాను. తాడు జారకుండా ఎడమ చిటికెన వేలితో ఆపుతోంది. అది నేను చూపించలేదు, నాకు అలవాటే లేదు. మా అమ్మ గంగాబాయి అలా ఆపేది. రాణి పుట్టకముందే పోయింది అమ్మ.

ఫిబ్రవరి 22, శనివారం

నాకంటే వేగం. రాసుకోవడానికి సిగ్గేం లేదు, పొంగిపోయాను.

ఫిబ్రవరి 26, బుధవారం

మూడొందలూ వాపస్ వచ్చాయి! ఆర్డర్ ఇచ్చిన ఇంట్లో పిల్లలు ఆగలేక ముందే తలా ఒకటి తీసుకున్నారట. ఒక్కరికీ విప్పడం రాలేదట. పళ్లతో కొరికారట. చివరికి పనిమనిషి కత్తెర తెచ్చిందట. ఏం కట్టినవ్ పుష్పా, పోరగాళ్లు ఏడుస్తున్నరు, ఇది మిఠాయి సంచియా బ్యాంక్ లాకరా అని ఆపా గుమ్మంలోనే మొదలుపెట్టింది.

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కట్ట ఊడితే బీడీల సేటు మొహాన కొట్టేవాడు. ఊడకుండా కట్టడమే మాకు తెలుసు. తినేవాళ్లు విప్పుకోవాలి కదా అని నా బుర్రకి తట్టనే లేదు.

ఫిబ్రవరి 27, గురువారం, మధ్యాహ్నం 3

రాణి స్కూల్ నుంచి వచ్చి యూనిఫామ్ కూడా మార్చలేదు. ఒక తాడు తీసుకుని మూలన కూర్చుంది. కాసేపటికి లేచి సంచి నా ముందు పెట్టి, లాగమ్మా అంది.

చుట్టు అదే. కానీ కొసని లోపలికి తోసే ముందు ఏదో మడత వేసింది. మూతి మీద నాలుగు రేకులు లేచాయి. లాగాను. రేకులు ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి, తాడు మెత్తగా నా చేతికి వచ్చేసింది. మళ్లీ కట్టమన్నాను. మళ్లీ లాగాను. ఇరవై సార్లు లాగి ఉంటాను, చిన్నపిల్లలా.

ఎవరు నేర్పారే అంటే, ఎవ్వలు నేర్పలే, తాడే అట్ల పోతా అన్నది అంది. ఇన్నేళ్లలో లక్షల కట్టలు కట్టాను నేను. నాతో ఏ దారమూ ఏమీ అనలేదు.

సాయంత్రం 6

పక్క రూమ్‌ల వాళ్లందర్నీ పిలిచి చూపించాను. చప్పట్లు కొట్టారు. అంత గొణిగిన తిరుమలే వీడియో తీసి ఊరికి పంపాడు. దుబాయ్‌ల మన రాణి పేరు లేపుతున్నదని మా అన్న మారుతి వాయిస్ మెసేజ్. మాది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. రాణి ఆ మెసేజ్ పదే పదే పెట్టుకుని విన్నది.

మార్చి 4, మంగళవారం

ప్రమీల టీచర్ ఫోన్ చేసింది. రాణి బోర్డు వైపు చూడటం లేదట. బెంచీ కింద చేతులు ఆడిస్తోందట. చేతుల్లో ఏముందో చూపించమంటే ఏమీ లేదట. ఇంట్లో ఏదైనా పని చేయిస్తున్నారాండీ అని మెల్లగా అడిగింది.

లేదండీ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు రాణి నా పక్కనే కూర్చుని కడుతోంది.

మార్చి 6, గురువారం

ఆపా మళ్లీ వచ్చింది. ఈ ముడి చూసి ఈద్‌కి, పెళ్లిళ్లకి ఆర్డర్లే ఆర్డర్లట. బిడ్డను ఈ ఒక్క ఏడాది ఇంట్లో పెట్టుకో, స్కూల్ యాడికి పోతది అంది. చెడ్డ మనిషేం కాదు. రాణికని ఖర్జూరాలు కూడా తెచ్చింది.

పరదా వెనక నుంచి, నేను చేస్తా ఆపా అని రాణి గొంతు. పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

ఆ ముఖం నాకు తెలుసు. నాకు ఎనిమిదేళ్లప్పుడు సేటు నా కట్టని పైకెత్తి ఆడవాళ్లందరికీ చూపించాడు. సూడుండ్రి, చెయ్యంటే ఇది అన్నాడు. నెల తిరక్కుండా బడి మానేశాను. ఎవరూ మాన్పించలేదు, నేనే మానేశాను. అమ్మ పొమ్మని బతిమాలింది కూడా. చిన్నప్పుడే పనిలో పెట్టి నిన్ను కొట్టేవాళ్లా అని ఇక్కడ ఒకావిడ అడిగింది. నన్నెవరూ కొట్టలేదు. మెచ్చుకున్నారు.

ఇప్పుడు నేనూ అదే పని చేశాను. గరంగావో అయ్యాక చెబుతానని ఆపాని పంపేశాను.

మార్చి 14, శుక్రవారం

గరంగావో. పంచడానికి సాయం కావాలని ఆపా మా ఇద్దర్నీ కారులో ఆర్డర్ ఇచ్చిన ఇంటికి తీసుకెళ్లింది. గేటు బయటంతా పిల్లలు. జరీ బట్టలు, మెడలో సంచులు, పాటలు, డప్పులు. మేం ఇచ్చిన సంచి అందుకోవడం, తాడు లాగడం, రేకులు విచ్చుకోవడం. ఒకచోట, పక్కన ఇంకోచోట, ఆ వెనక మరోచోట. ఒక బుడ్డది లాగి ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వింది. మిఠాయి తీయడం మానేసి పెద్దవాళ్లు కూడా తాళ్లు చూస్తున్నారు. ఇదంతా నా కడుపున పుట్టిన పిల్ల చేతుల్లోంచి వచ్చిందా అని నిలబడిపోయాను. దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

రాణికీ ఒకటి ఇచ్చారు. అది విప్పలేదు. పక్క పిల్లల వేళ్లనే చూస్తోంది. నా చెవిలో, రేపు ఇంకో రేకు ఎక్కువ ఏస్తనమ్మా అంది.

మార్చి 15, శనివారం

వేసింది. అయిదు రేకులు. అంత అందమైనది నా చేతుల్లోకి ఇంతవరకూ రాలేదు. ఊపిరి బిగబట్టి నా నోటి వైపు చూస్తోంది.

బాగాలేదు అన్నాను. వంకరగా ఉంది అన్నాను. మల్ల కడతా అంది. ఎన్నిసార్లు కట్టినా నీకు రాదు, ఈ చెయ్యి దీనికి పనికిరాదు అన్నాను. దాని ముందే ఆపాకి ఫోన్ చేసి, పిల్లకి చెయ్యి కుదరడం లేదు, సరుకు తీసుకెళ్లు అని చెప్పాను.

గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది. తిరుమల్ నన్ను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

మార్చి 18, మంగళవారం

రాణి కింద పిల్లలతో ఆడటానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. షూ లేసులు ఊడి ఉన్నాయి. కట్టుకోవే అన్నాను.

నాకు కట్టరాదు కదమ్మా, నువ్వే కట్టు అంది.

కింద కూర్చుని కట్టాను.