హీరోతో పాటు పుట్టినవాళ్ళు

నిడుగల్లు,
చవితి పోయిన వారం, 1992

మారన్న వాళ్ళ అమ్మకు,

నువ్వు బస్సెక్కి నాగలమడికకు పోయిన మధ్యాహ్నమే మన వీధి చివర సినిమా హీరో పుట్టినదినానికని కటౌటు బొమ్మ లేచింది. ఏటా ఆ బొమ్మ లేవకముందే నువ్వు మీ అన్న ఇంటికి పోతావు. ఎందుకని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. చచ్చిపోయిన మన మారన్న గొంతు మైకులో వినలేకే ఊరు విడుస్తున్నావని నాకు నేనే అనుకున్నాను. ఎదురుగా నిలబడి మాట్లాడడం నాకు రాదు గనక ఈ కాగితం బస్సు కండక్టరు శ్రీరామప్ప చేతికి ఇస్తున్నాను. మీ అన్న కూతురు ఆంజినమ్మ చేత చదివించుకో.

నిన్న అభిమాన సంఘం ఓబన్న వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామా, మారన్న క్యాసెట్టు బాగా సాగిపోయినాది. పోయిన యేడు ఏస్తే పిల్లోళ్ళు దెయ్యం గొంతని నగినారు. ఈ యేడు నుంచి వద్దనుకుంటాండాము. నువ్వేమంటావప్పా?"

నా తల ఊగింది. నోరు మాత్రం ఏమీ అనలేదు. అందుకని ఇది రాస్తున్నాను. ఇంక నువ్వు ఊరు విడిచి పోనక్కరలేదు. ఇంటికి రా.

ఇంకొక మాట కూడా ఉంది. సంఘం వాళ్ళు హీరో పుట్టినదినం చేసిన ఆ మొదటి యేడు నీకు గుర్తుందా? అప్పుడూ కరువే. పావగడలో కొన్న కేకు బస్సులో నలిగి ఉప్మా మాదిరి అయింది. మారన్న వచ్చి నీ కుండలోంచి వేడి రాగిముద్ద ఎత్తుకుపోయి దాని మీద కొవ్వొత్తి నిలిపాడు. వేడికి కొవ్వొత్తి మెత్తబడి, తాగినవాడిలా పక్కకు వాలింది. కొల్లప్ప తాత ఊరుకోలేదు.

"ముద్దను కత్తితో కోసేది యాడన్నా ఉండాదా? ఆ దీపం ఎవురు సచ్చినారని పెట్టినార్రా?"

"ఎవురూ సావలేదు తాతా. హీరో పుట్టినాడు."

"పుట్టినోడు మద్రాసులో ఉండాడు. ముద్ద ఈడ దేనికి?"

"నువ్వెప్పుడు పుట్టినావు తాతా?"

"ఎవురికి తెలుసురా. పెద్ద గాలివాన కొట్టిన యేడంట."

అప్పుడే మన వాడికి ఆ ఆలోచన వచ్చింది. మైకు పట్టుకున్నాడు. సంఘం వాళ్ళు రికార్డు చేస్తుంటే ఆ మాటలన్నీ టేపులో పడ్డాయి. "బడిలో మేష్ట్రు అందరినీ జూన్ ఒకటో తారీకు పుట్టించినాడు. మనము హీరోతో పాటు పుట్టిస్తే తప్పేంది? ఈ ఊర్లో పుట్టినదినం తెలియనోళ్ళందరూ ఈ దినమే పుట్టినారని సంఘం తీర్మానించినాది. ముందుగా మా నాయన బైలప్ప. నాయనా, యాడుండావు? ముందుకు రా. వచ్చి ముద్ద కొయ్యి."

నేను ఎండిన వేరుశెనగ కట్టె వామి వెనక ఉన్నాను. అంతమంది ముందుకు పోవాలంటే నాకు చెమటలు పట్టాయి. వచ్చే యేడు పోదాంలే అనుకున్నాను. ఆ తర్వాతి వేసవిలోనే వాడు బోరు లారీతో పనికి పోయాడు. లారీ బోల్తా పడింది.

అప్పటినుంచి ఏటా ఆ టేపులోంచి వాడు పిలుస్తున్నాడు. మైకులో ఒకసారి పిలుస్తాడు, కోటగుట్టకు తగిలి ఇంకొకసారి పిలుస్తాడు. టేపు సాగేకొద్దీ గొంతు లావైపోతోంది. పోయిన యేడు అచ్చం నా గొంతే అనిపించింది. బతికున్న పిల్లల మాదిరే వాడికీ వయసు వస్తోంది. వామి వెనక నిలబడి వింటాను. పోదామనుకుంటాను, పోలేను. అయినా ఏడాదంతా ఆ దినం కోసమే చూస్తాను. నీకు బాధైన దాని కోసం నేను ఎదురుచూస్తున్నానని నీతో ఎట్లా చెప్పేది?

వేరుశెనగ పైరు కాయకు ఊడలు దిగే వేళకు చినుకు లేదు. మేక బాగుంది.

మారన్న వాళ్ళ నాయన,
బైలప్ప


నాగలమడిక

మారన్న వాళ్ళ నాయనకు,

నేను చెప్పింది చెప్పినట్టే ఆంజినమ్మ రాస్తాండాది. దిద్దితే సంగటి పెట్టనని చెప్పినా.

వాని గొంతు నాకు వద్దని నీకెవురు చెప్పిరి? వాడు పోయినాక మొదటిసారి క్యాసెట్టు ఏసిన దినం నేను వాకిట్లో కూచోని ఉంటి. నువ్వు వామి ఎనకనుంచి ఒక అడుగు ఏస్తివి. అంతలో నన్ను చూస్తివి. మళ్ళా ఎనక్కి పోతివి. నా ముందర నువ్వు ఏడ్సలేవు, నాకు తెలుసు. నేను లేకుంటే వాడు పిలిస్తే పోతావేమోనని బస్సెక్కుతాండా. లేకుంటే ఈడ నాకేం పని, మా వదిన మూతి చూసేదా? ప్రతి యేడూ తిరిగొచ్చి పక్కింటి రంగక్కను అడుగుతా, పోయినాడా అని. లేదు అంటాది.

తల ఊపితే ఊపినావు. ఇప్పుడు పోయి నోరు తెరిచి ఓబన్నకు చెప్పు, ఎయ్యమని. దెయ్యమంటే అననీ. మన దెయ్యమే కదా. ఆ దినానికి నేనూ వస్తా. నువ్వు పోకున్నా సరే, ఇద్దరం వామి ఎనకాలే నిలబడదాం.

సుంకమ్మ, వేలిముద్ర


నిడుగల్లు

మారన్న వాళ్ళ అమ్మకు,

నీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. రాలేదు. పైన ఎక్కడో వాన పడి మీ దగ్గర ఏరు వచ్చిందని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళు ఎండిన ఏరు ఆ దినమే పారాలా?

ఓబన్నతో "వెయ్యి" అన్నాను. వాడు నా నోటి వంకే చూశాడు. "మాట్లాడితివే మామా" అన్నాడు.

పొద్దు గుంకే వేళకు వేశారు. గొంతు ఇంకా బరువెక్కింది. పిల్లలు నవ్వారు, తర్వాత మానుకున్నారు. మేష్ట్రు మాట అయింది, తీర్మానం అయింది, నా పేరు వచ్చింది. "నాయనా" అన్నాడు. అక్కడ టేపు తెగింది.

అప్పుడు గుట్ట మీదనుంచి "నాయనా" అని వచ్చింది. మిషను ఆగిపోయాక వచ్చింది, సుంకమ్మా. తర్వాతి మాట కోసం నిలబడ్డాను. రాలేదు. ఇంక ఎప్పుడూ రాదని అప్పుడు తెలిసింది.

నేను పోయాను. అందరూ దారి ఇచ్చారు. ఓబన్న కత్తి చేతికిచ్చాడు. వెనకనుంచి లింగప్ప అడిగాడు, "బైలప్పా, ఎన్నేండ్లప్పా నీకిప్పుడు?"

"హీరోకు ఎన్నో నాకూ అన్నే" అన్నాను.

ఊరు నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా, ముఖమంతా తడిగా ఉంది. చినుకులు కూడా మొదలయ్యాయి.

ముద్ద రెండుగా కోశాను. ఒక సగం నీకని మూతపెట్టాను. ఏరు తగ్గి మొదటి బస్సు వచ్చినప్పుడు ఈ కాగితం నీకందుతుంది. ఆ బస్సుకే బయలుదేరు. ముద్ద గట్టిపడి ఉంటుంది, మజ్జిగలో పిసుక్కుందువు. నీకూ పుట్టినదినం తెలియదు కదా.

బైలప్ప