సొరుగు పిడులు, చూపుడు వేలు

అన్నయ్యకి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఆయన కుడి చూపుడు వేలు తప్ప. కంగారుపడకు, వేలు ఉంది, కొసన చర్మమే పోయింది. తలుపు సందులో నలిగిందని ఆయన అంటున్నారు. నలిగితే గోరు నల్లబడాలి కదా! ఇది గరుకు కాగితంతో రుద్దినట్టు ఉంది.

అనుమానం వచ్చి, నిన్న అన్నం క్యారేజీ నేనే వడ్రంగి షాపుకి తీసుకెళ్లాను. బల్లకి బిగించిన, బ్లేడు గిర్రున తిరిగే రౌటర్ మిషన్ మీద అరచేతంత చెక్క సొరుగు పిడులకి అంచులు గుండ్రం చేస్తున్నారు. "ముక్కని చేత్తో పట్టుకోవట్లేదు, క్లాంపుతో బిగించే చేస్తున్నాలే" అన్నారు. చూస్తే, గోడకున్న క్లాంపులన్నిటికీ సాలెగూడు.

"ఈ సాలీడు కూడా మీ దగ్గర పనికి కుదిరిందా?" అన్నాను.

"ఇంత చిన్న ముక్కకి క్లాంపు పెడితే అది బ్లేడు దాకా వెళ్తుందటే? చేత్తో నెట్టాల్సిందే" అని నోరు జారారు.

ఆయనకి పని నేర్పింది నువ్వే. చిన్న ముక్కలైతే నువ్వు ముందే కోసేవాడివి కాదు, చెయ్యి బ్లేడుకి దూరంగా ఉండేట్టు, పొడుగు పలకగా ఉండగానే అంచు గుండ్రం చేసి, ఆ తర్వాత కోసేవాడివి. ఆ సంగతి ఆయనకి కార్డు రాయి. నా మాట ఎత్తకు, వంటింటి సలహా అని కొట్టిపారేస్తారు.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా పెద్ద కత్తెర మీ ఇంట్లోనే ఉండిపోయిందేమో వెతకమను. పిల్లలకి దీవెనలు.

సగమే మిగిలిన నీ చిటికెన వేలి గురించి నువ్వు అమ్మకి చెప్పిన కథ నేను ఆ రోజే నమ్మలేదు. అసలు జరిగింది కూడా ఆయనకి రాయి. కార్డు ఆయన చేతికే ఇస్తాను. చదవనని మాత్రం ఒట్టు పెట్టలేను.

నీ చెల్లెలు