లోపల వదిలే గుడ్డ

చెల్లీ,

ఆసుపత్రికి నువ్వు పంపిన నా జాకెట్లు అందాయి. చిక్కిపోయిన ఒంటికి సరిగ్గా సరిపోయేలా బిగించావు. పనిలో వంక లేదు. కానీ లోపలి గుడ్డ కత్తిరించేశావేమే? మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోడానికని మన కొట్లో ఎవరికి కుట్టినా కుట్టు లోపల గుడ్డ వదులుతాం. కాటికి కాళ్ళు చాపినవాళ్ళకి కూడా వదిలాం. నాకెందుకు వదల్లేదు?

నోట్లో నువ్వుగింజ నానని దానివి, ఈ సంగతి మాత్రం కడుపులో దాచుకున్నావు. నీ కత్తెర దాచలేకపోయింది.

అందుకే డాక్టరమ్మనే నిలదీశాను. నా అండాశయంలోంచి తీసిన గడ్డలో ఏదో ప్రోటీన్ బాగా ఎక్కువగా ఉందట. అలా ఉన్నవాళ్ళు చాలామంది ఎక్కువకాలం బతకలేదట. నీకు ముందే చెప్పిందట.

"చాలామందంటే అందరూనా?" అన్నాను.

"అందరూ కాదు. ఎవరు మిగులుతారో ఆ పరీక్షలో తెలియదు" అంది.

"అయితే నన్నప్పుడే ఆ చాలామందిలో కలపకండి" అన్నాను.

నీకూ అదే చెబుతున్నాను. మందు ఎక్కేది నా ఒంట్లోకి. భయపడాల్సి వస్తే ముందు నేను పడతాను, తర్వాతే నీ వంతు. అక్కని నేను.

జాకెట్లు తిప్పి పంపుతున్నాను. వాటికి ముక్కలు అతికించొద్దు, అతుకులవి నేను తొడుక్కోను. కొత్తవి కుట్టు. లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదులు.

ఇంకా ఒళ్ళు చేయాల్సిన
నీ అక్క