అమ్మ కొట్టేసిన వాక్యం

గుణుపురం, మంగళవారం

నాన్నమ్మకి కట్టెల పొగ పడటం లేదని, అమ్మా నేనూ గ్యాస్ కనెక్షన్ కోసం ఏజెన్సీకి వెళ్లాం. మావయ్య ఇచ్చిన స్టవ్ ఇంట్లో ఉంది, సిలిండర్ వస్తే చాలు. గుమాస్తా ఒడియా కాగితం ఇచ్చాడు. అమ్మ ఒడియా గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఎప్పటిలాగే నమ్మి, తెలుగులో సంతకం పెట్టబోయింది. ఆపి, పైకి చదివాను. "స్టవ్ కూడా ఇష్టపూర్వకంగా ఇక్కడే కొంటున్నాను" అని ఉంది. 'ఇష్టం' అన్న అంత అందమైన మాటని అక్కడ చూసి కోపమొచ్చింది.

"నా ఇష్టం ఎవులడిగేరు బాబూ?" అని అమ్మ, నేను వేలుపెట్టి చూపించిన ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టింది.

"స్టవ్ కొనకపోతే కనెక్షన్ లేదు" అన్నాడు గుమాస్తా.

"ఆ మాటే కాగితం మీద రాసియ్యి. మా అమ్మి సదువుతాది" అంది అమ్మ నన్ను చూపిస్తూ.

అతను పెన్ను ముట్టుకోలేదు. కాగితం తీసుకుని సోమవారం రమ్మన్నాడు.

నాన్నమ్మ ఇంకా దగ్గుతోంది. నేను చదవకపోతే ఈపాటికి సిలిండర్ వచ్చేదేమో...

వంటయ్యాక అమ్మ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి నా చేతిలో పెట్టింది. "ఇష్టం అన్న ముక్క ఒడియాలో ఎలగుంటాదో సూపించే" అంది. గచ్చు మీద రాసి చూపించాను. దాని పక్కనే తనూ రాసింది, నాకన్నా గుండ్రంగా.