గొంతు కింద రెక్కలు

హాంబర్గ్

ప్రియమైన సహానా,

ఈ పార్సిల్ జాగ్రత్తగా విప్పు. స్పిరిట్ సీసాలో ఉన్నది నా జీవితమే అనుకో. నార్వే అవతల లోతు సముద్రంలో మా ఓడ వలకు ఒక్కటే పడింది. ఈల్‌పౌట్ అనే చేప, ఇక్కడివాళ్లు ఆల్‌ముట్టర్ అంటారు. చూడ్డానికి మన బొమ్మిడాయే! ఈ రకానికి గొంతు కింద బియ్యపు గింజంత రెక్కలు రెండు ఉండాలి. దీనికి లేవు. పళ్లు, వెన్నుపూసలు తెలిసిన జాతికి దగ్గరగానే ఉన్నా, రెక్కలు లేవు కాబట్టి కొత్త జాతి అంటున్నాం.

నెలాఖరు గురువారం మీటింగులో మా ప్రొఫెసర్ గారు ప్రకటిస్తారు. దీని మీద రాసే పేపర్ నిలబడితేనే నా కాంట్రాక్ట్ పొడిగిస్తారు. లేదంటే వేసవితో నా వీసా సరి. మీ హైడెల్‌బర్గ్ స్కానర్లో ఎముకల బొమ్మలు తీసి పంపవే. పేపర్లో నీ పేరూ ఉంటుంది.

నీ హాస్టల్ రూమ్మేట్,
ఏసుకుమారి

హైడెల్‌బర్గ్

ప్రియమైన కుమారీ,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నా. గొంతు చర్మం లోపల రెక్కల్ని మోసే ఎముకలు రెండూ ఉన్నాయి. వాటి కొసల్లో రెక్కల ముళ్లు మొదలంటా విరిగి ఉన్నాయి. పుట్టుకతో లేనివి విరగవు కదే. మళ్లీ తీసి చూశాను, అదే కనబడింది. ఆ బొమ్మ ఈ ఉత్తరంతోనే పెడుతున్నా. ఓడలో దాన్ని ఎవరు కడిగారు? ఎలా కడిగారు?

భయపడుతున్న
సహానా

హాంబర్గ్

సహానా,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. నేనే కడిగాను. ఒళ్లంతా జిగురు, కొలుద్దామంటే చేతిలో నిలవదు. అమ్మ బొమ్మిడాయిల్ని కడిగినట్టే రాళ్లుప్పు వేసి, తోక నుంచి తలవైపుకి బొటనవేలితో గట్టిగా తోమాను. చేప కడగడం కూడా మాకు ఒకరు నేర్పాలా? నీకేం, పర్మనెంట్ ఉద్యోగం! ఆ స్కాన్ ప్రొఫెసర్ గారికి పంపావో, మన స్నేహానికి నీళ్లొదులుకో. పేపర్‌కి వెన్నుపూసల బొమ్మ చాలు, గొంతు బొమ్మ వద్దు.

ఏసుకుమారి

హైడెల్‌బర్గ్

ప్రియమైన కుమారీ,

ఎంత మాటన్నావే! నేను పంపను. చెప్పాల్సినదానివి నువ్వు. కానీ గొంతు బొమ్మ దాచిన పేపర్లో నా పేరు పెట్టకు. రేపు ఇంకెవరికో ఇలాంటిదే రెక్కలతో దొరికితే నిన్నెవరు నమ్ముతారు? వీసా ఉన్నన్నాళ్లూ నా గదిలో ఉండి వేరే పని వెతుక్కుందువుగాని, అన్నానికి లోటు రానివ్వను. గురువారం ఎల్లుండే.

నువ్వు తిట్టినా, నీ
సహానా

హాంబర్గ్

ప్రియమైన సహానా,

చెప్పేశాను. బుధవారం సాయంత్రం ప్రొఫెసర్ గారి గదిలోకి వెళ్లి నీ స్కాన్ టేబుల్ మీద పెట్టాను. ఆయన తిట్టలేదు. “ఎలా తోమావు? చూపించు,” అన్నారు. నా ముంజేతి మీదే తోమి చూపించాను. చాలాసేపు నా బొటనవేలినే చూశారు. తర్వాత బీరువా తెరిచి ఓ పాత సీసా తీశారు. వయసులో ఉండగా ఆయన కనిపెట్టిన జాతి, ఆయన్ని ప్రొఫెసర్‌ని చేసిన చేప. దానికీ రెక్కలు లేవు. అదీ ఒక్కటే దొరికింది.

“నేను గట్టి బ్రష్‌తో కడిగాను. దీన్ని ఇంతవరకు ఎవరూ స్కాన్ చేయలేదు,” అన్నారు.

గురువారం ప్రకటన మానేశారు. నా కొత్త జాతి పోయింది, ఏడ్చాను కూడా. బీరువాలో రెక్కల్లేని చేపలన్నిటినీ మళ్లీ చూడాలట, ఆ పనికి నన్ను ఉంచమని పైకి రాస్తానన్నారు. ఆయన చేప కూడా తప్పని తేలితే ఆయన మాట ఎవరు వింటారో తెలియదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా నీ స్కానర్‌కి పంపడానికి ఆ పాత సీసాను చుట్టిందీ ఆయనే, వానలో పోస్టుకి మోసిందీ ఆయనే.

నిన్ను నానా మాటలూ అన్నాను, మన్నించవే. ఉన్నది ఉన్నట్టు రాయి. మెయిల్ ఇద్దరికీ ఒకేసారి పెట్టు. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని ఎదురుచూస్తున్నాం.

నీ కుమారి